డప్పు: కబురు, బేరం, దండోరా

కొల్లూరు మండలంలో కృష్ణ కరకట్టకు దిగువనున్న ఒక మాదిగపల్లెలో అరవై దాటిన ఒక పెద్దాయన నాతో అన్న మాట దగ్గర్నుంచి ఈ వ్యాసం మొదలుపెడతాను. ఆయన డప్పు నేర్చింది తండ్రి దగ్గర. "మా నాయన కాలంలో కబురొచ్చేది అబ్బాయ్. ఇప్పుడు ఫోనొస్తంది. కబురొస్తే పోవాల్సిందే. ఫోనొస్తే బేరమాడుకోవచ్చు" అన్నాడు. ఊళ్ళో పెద్దరైతు ఇంట చావు జరిగితే పాలేరొచ్చి పల్లె మొదట్లో నిలబడి కేకేసేవాడు. ఆ కేక వింటే కంచం ముందు కూచున్నవాడు కూడా లేచి డప్పు భుజానికెత్తుకోవాలి. వర్షమైనా, ఒంట్లో జొరమైనా, తన ఇంట్లోనే ఎవరైనా మంచాన పడున్నా అంతే. ఇప్పుడు తెనాలి నుంచో రేపల్లె నుంచో ఫోను చేసి, ఎంతమంది వస్తారు, ఎంత తీసుకుంటారు అని అడుగుతున్నారు. "వల్లకాదండీ అని ఒకసారన్నా. అని ఫోను పెట్టేశా. ఆ రోజంతా గుండె దడదడలాడతానే ఉంది" అని నవ్వాడు.

డప్పు మన కళ అనేవాళ్ళూ, డప్పు మన సంకెల అనేవాళ్ళూ ఇద్దరూ మన సభల్లో కనిపిస్తారు. మొదటివాళ్ళు వేదికమీద డప్పుతో సభ ప్రారంభిస్తారు. రెండోవాళ్ళు, చాలావరకు మా అమ్మానాన్నల తరం వాళ్ళు, ఆ మోత వినగానే మొహం తిప్పుకుంటారు. చదువుకున్న కుర్రవాళ్ళం ఆ రెండో వాళ్ళను "చైతన్యం లేనివాళ్ళు" అని తేలిగ్గా కొట్టిపారేస్తున్నాం. అది సరికాదని నా అభిప్రాయం. ఎందుకు సరికాదో చెప్పాలంటే ముందు డప్పు అనే వస్తువు గురించి, దాన్ని ఊరు ఎలా వాడుకుందో దాని గురించి మాట్లాడుకోవాలి. డప్పు మీద కవిత్వం చాలా వచ్చింది గానీ డప్పు ఎలా తయారవుతుందో తెలిసినవాళ్ళు మన విద్యార్థుల్లో తక్కువ.

డప్పు గుండ్రటి చెక్క చట్రానికి ఒకవైపు తోలు బిగించిన వాద్యం. రెండోవైపు ఖాళీ. చట్రానికి వేప, చింత లాంటి కర్ర వాడతారు. ఈమధ్య ఇనప చట్రాలు కూడా వచ్చాయి. వెడల్పు సుమారు మూరెడు, లోతు నాలుగు వేళ్ళు. తోలు మేకదో, దూడదో. పచ్చితోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుక ఊడగొడతారు. లోపలి కండపొరను గీకేస్తారు. ఇక్కడ చెయ్యి తడబడితే తోలు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా అయిపోయి డప్పు ఒక్కోచోట ఒక్కోలా పలుకుతుంది. చింతగింజల్ని వేయించి, పొట్టుతీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించి చేసిన జిగురుతో తోలును చట్రం అంచుకు అతికిస్తారు. తడిగా ఉన్నప్పుడే లాగి కడతారు. ఆరేకొద్దీ తోలు దానంతటదే ముడుచుకుని బిగుస్తుంది. ఎంత లాగాలి అనేది పుస్తకంలో ఉండదు. తక్కువ లాగితే మొద్దుబారిన మోత, ఎక్కువ లాగితే రెండోరోజుకే చీలిక.

చింతగింజల జిగురూ, సున్నమూ, తోలు మందమూ, కర్ర వంపూ, వీటిలో ప్రతిదాని వెనకా రసాయన శాస్త్రం ఉంది, భౌతిక శాస్త్రం ఉంది. ఈ విజ్ఞానాన్ని తరాలుగా మోసినవాణ్ణి "చదువురానివాడు" అన్నారు. ఆ తోలుకు దూరంగా జరిగినవాణ్ణి పండితుడన్నారు.

వాయించేముందు డప్పును కాచాలి. ఎండుగడ్డో, తాటాకో, చితుకులో మంటవేసి, తోలువైపు సెగ తగిలేలా డప్పును అటూ ఇటూ తిప్పుతారు. గాలిలో తేమను తోలు పీల్చుకుని సాగిపోతుంది. సెగకు ఆ తేమ పోయి తోలు బిగుస్తుంది, స్వరం పైకి లేస్తుంది. వేలితో మీటి చూసి, చాలనుకున్నప్పుడు మంట పక్కకు నెడతారు. మన డెల్టాలో ఇది చిన్న పని కాదు. కాలవలు, వరిచేలు, లంకల అరటితోటలు, ఎప్పుడూ గాలిలో చెమ్మే. వానాకాలంలో శవం వెంట నడుస్తూ రెండు మూడుసార్లు ఆగి మంట వేసుకోవాలి. ఆ మంటకు గడ్డి కూడా ఊళ్ళోవాళ్ళ వామి నుంచి అడుక్కోవాలి. ఇదీ పెద్దాయన చెప్పిందే. "దరువు రాకపోతే తిట్లు మాకే. గడ్డి పరక ఇయ్యటానికి మాత్రం చేతులు రావు."

వాయించేటప్పుడు డప్పు ఎడమ భుజానికి వేలాడుతూ ఛాతీకి ఆనుకుని ఉంటుంది. రెండు పుల్లలు. ఎడమచేతి వేళ్ళమధ్య సన్నగా, పొడుగ్గా ఉండేది చిటికెన పుల్ల. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండేది సిర్ర. సిర్ర తోలు మధ్యకు దగ్గరగా పడి గంభీరమైన మోతనిస్తుంది. చిటికెన పుల్ల అంచున పడి చిటచిటమని తాళం నింపుతుంది. రెంటి మధ్య వచ్చే ఖాళీలోనే దరువు ఉంటుందని వాయించేవాళ్ళు అంటారు. చావు దరువు వేరు, పెళ్ళి దరువు వేరు, కొలుపుల దరువు వేరు. తెలిసినవాడు అరమైలు దూరంలో చేలో నిలబడి, ఊళ్ళో ఏం జరుగుతుందో డప్పు విని చెప్పగలడు. మైకులు రాకముందు పొలాల మధ్య చెదిరి ఉండే ఊళ్ళకు ఇదే వార్తాసాధనం.

ఇక ఊరు దీన్ని ఎలా వాడుకుందో చూద్దాం. పోలేరమ్మ కొలుపులకు డప్పు కావాలి. అంకమ్మ కొలువుకు డప్పు కావాలి. పెళ్ళి ఊరేగింపుకీ, చావుకీ, కృష్ణకు వరదొచ్చి లంకలు మునుగుతున్నాయని చెప్పటానికీ, శిస్తు కట్టమని చెప్పటానికీ, మునసబు గారి హుకుం చాటటానికీ డప్పే. దీనికి ప్రతిఫలం కళ్ళంలో మేర. కొలిచి పోసే గింజలు కొన్ని, దులిపిన గడ్డిలో మిగిలిన తాలు కొంత. దీన్ని కొందరు ఆర్థికవేత్తలు గ్రామ పరస్పర సహకారం అని రాశారు. ఇద్దరు పరస్పరం సహకరించుకుంటుంటే ఇద్దరికీ కాదనే హక్కుండాలి కదా! మేర ఎంతో నిర్ణయించేది రైతు. ఎప్పుడు రావాలో నిర్ణయించేదీ రైతే. రానంటే పోయేది మేర ఒక్కటే కాదు, పాలేరుతనం, చేలో కూలి, గట్టుమీద గడ్డి కోసుకునే దారి, అన్నీ పోతాయి.

ఇంకో సంగతి. పోలేరమ్మ ముందు మాదిగ డప్పు మోగనిదే కొలుపు సాగదు. అంత పవిత్రమైన వాద్యమైతే అది మోగించేవాడు గుడి మెట్టుకు ఎంత దూరంలో నిలబడాలో ఊరెందుకు కొలిచి పెట్టింది? దేవతకు అంటని మైల ఊరికెలా అంటింది? మన ప్రాంతంలో వాద్యాలన్నిటికీ కులం ఉంది. బైండ్లవాళ్ళకు జమిడిక, పంబలవాళ్ళకు పంబ, డక్కలివాళ్ళకు కిన్నెర, విశ్వబ్రాహ్మణుల్ని ఆశ్రయించిన రుంజవాళ్ళకు రుంజ, ఉత్తరాంధ్ర గొల్లలకు తప్పెటగుళ్ళు. కానీ రుంజకు గానీ తప్పెటగుళ్ళకు గానీ అంటరానితనం అంటలేదు. మృదంగం కూడా తోలే. దానికి ఆవు, మేక, గేదె తోళ్ళు మూడూ కావాలి. ఆ తోలు ఎంచి, కోసి, బిగించే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని ఒక పుస్తకం రాస్తే, చెన్నై కళాక్షేత్ర ఆ పుస్తకావిష్కరణకు ముందిచ్చిన అనుమతిని ఉపసంహరించుకుంది. అంటే తోలుతో పేచీ లేదు. తోలు వెనకున్న మనిషి పేరు పైకి రావటంతోనే పేచీ.

ప్రభుత్వం సంగతి కూడా చూడాలి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 54వ రూలు ప్రకారం స్థిరాస్తిని జప్తు చేసిన ఉత్తర్వును ఆ ఆస్తి దగ్గర డప్పు కొట్టించి గానీ, ఆచారంలో ఉన్న మరో పద్ధతిలో గానీ చాటాలి. వేలం ప్రకటనకీ అదే పద్ధతి. ఆ చట్టంలో కులం పేరు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. డప్పు అంటే ఎవరి చేతో ఊరికి తెలుసు. అప్పులపాలైన రైతు పొలం వేలానికొస్తే, ఆ అవమానం చాటింది కోర్టు అయినా, రైతు కళ్ళలో పడింది మాత్రం "యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని గొంతెత్తిన మాదిగ. ఆ కోపాన్ని తర్వాత ఎన్ని పంటలు మోశాడో ఎవరు లెక్కపెట్టారు!

మరోవైపు, 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టానికి 1976లో చేర్చిన 7ఎ సెక్షను, అంటరానితనం పేరుతో బలవంతంగా చేయించే పనుల్ని నేరమంది. పాకీపని, ఊడవటం, కళేబరాలు మోయటం, తోలు ఒలవటం, బొడ్డు కోయటం, అలాంటి మరే పనైనా అని రాశారు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు కళేబరాలు మోయించటం, గోతులు తవ్వించటం పేరుపెట్టి చేర్చారు. డప్పు పేరు రెండింట్లోనూ లేదు. బలవంతపు డప్పు మీద కేసు పెట్టాలంటే వెట్టి కిందనో, "అలాంటి మరే పనైనా" అన్న మాట కిందనో వాదించుకోవాలి. మన లాయర్లు దీన్ని గమనించాలి.

పొరుగు భాషల్లోనూ ఇదే కథ. తమిళంలో పఱై అనే డప్పు నుంచే ఒక కులం పేరు వచ్చిందనీ, ఆ మాటే ఇంగ్లీషులోకి పోయి 'వెలివేయబడ్డవాడు' అనే అర్థంలో స్థిరపడిందనీ నిఘంటువులు చెబుతాయి. కన్నడంలో తమటె, మరాఠీలో మాంగుల హల్గీ. వాయించే పద్ధతుల్లో తేడాలున్నాయి గానీ ఊరి చివర ఇళ్ళలో మాత్రం తేడా లేదు.

ఇక్కడ ఆదివాసుల డప్పు సంగతి చెప్పటం అవసరం. ఆదిలాబాద్ గోండుల్లో డోలు, గుమేల, తుడుం, పెప్రె లాంటి వాద్యాలున్నాయి. దీపావళి రోజుల్లో దండారీ బృందాలు గుస్సాడీలతో కలిసి ఊరినుంచి ఊరికి పోతాయి. డోలు వాయించే కుర్రవాడు ఆ ఊరివాడే. తన గూడెంలో పొలమున్నవాడు, రేపు పటేలు కాగలవాడు. పొరుగూరు వెళితే అతను అతిథి. కాళ్ళకు నీళ్ళిచ్చి, కూచోబెట్టి అన్నం పెడతారు. మన ఊళ్ళో పెళ్ళికి డప్పు కొట్టినవాడికి అన్నం ఎక్కడ పెట్టారో గుర్తుచేసుకుంటే తేడా తెలుస్తుంది. తోలు అదే, కర్ర అదే, మంటమీద కాచటమూ అదే. కాబట్టి మైల వాద్యంలో లేదు, తోలులోనూ లేదు. ఊరూ వాడా అని రెండుగా చీల్చిన వ్యవస్థలో ఉంది.

అయితే ఆదివాసీ సమాజాన్ని స్వర్గంలా చూపించటం కూడా మనకు అలవాటైపోయింది. గోండుల వంశ పురాణాల్ని కింగ్రి మీటుతూ పాడేది ప్రధాన్లు. వాళ్ళు లేకపోతే గోండుల దేవకార్యం నడవదు. అయినా ఆ ప్రధాన్లను గోండులు తమకంటే తక్కువగానే చూశారు, వాళ్ళ చేతి వంట తినలేదు. 1940లలో అక్కడ పనిచేసిన హైమన్‌డార్ఫ్ ఈ సంగతి రాశాడు. పాడేవాణ్ణి, వాయించేవాణ్ణి ఒక మెట్టు కింద నిలబెట్టటం అక్కడికీ పాకింది. కాకపోతే అది మన ఊళ్ళోలాగా నీళ్ళు ముట్టనివ్వని, పొలం దక్కనివ్వని వ్యవస్థగా ముదరలేదు.

వెనక్కి, మన ప్రాంతానికి వద్దాం. డప్పు కొట్టం అని చెప్పటం మన తరంతో మొదలైందనుకుంటే పొరపాటు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866 నుంచి పనిచేశాడు. ఆయన దగ్గరికి ముందు వచ్చినవాళ్ళు మాదిగలు. వాళ్ళలో ఎర్రగుంట్ల పేరయ్య పేరు ఆ చరిత్రలో మొదటిది. చేరినవాళ్ళకు మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చూడటానికి ఇవి మతపరమైన నియమాలు. ఊళ్ళో మాత్రం ఇవి సమ్మెలాగా పనిచేశాయి. విగ్రహానికి మొక్కనివాడు విగ్రహం ముందు డప్పెలా కొడతాడు? కొట్టం అన్నారు. ఊరి కరణాలూ పెద్దలూ మండిపడ్డారు. పనులు మాన్పించారు, దారులు మూశారు, కొట్టారు. అయినా సంఖ్య పెరిగింది. 1876-78 కరువు తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ చరిత్రను మతమార్పిడి చరిత్రగా రాసినవాళ్ళున్నారు, ఖండించినవాళ్ళున్నారు. సిర్ర కింద పెట్టిన చరిత్రగా ఎవరూ సరిగ్గా రాయలేదు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద రాసిన పుస్తకంలో ఆనాటి మాదిగ పెద్దల జ్ఞాపకాలున్నాయి. మన విద్యార్థులెవరైనా దాన్ని ఈ దృష్టితో చదవాలి.

మా అమ్మమ్మ లాంటివాళ్ళు డప్పు వినగానే మొహం తిప్పుకోవటానికి మూలం ఇక్కడుంది. అది చైతన్యలేమి కాదు, పోరాడి తెచ్చుకున్న అలవాటు. చర్చిలోకి డోలక్కు, కంజీర వచ్చాయి గానీ చాలాకాలం డప్పు రాలేదు. డప్పుతో పాటు పాత కేక కూడా లోపలికి వస్తుందని వాళ్ళ భయం. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమని చెప్పినప్పుడు ఆయన మాట వెనకున్న తర్కమూ ఇదే. ఏ పని మనల్ని కింద ఉంచుతుందో ఆ పని మానేస్తే తప్ప పైకి లేవలేం.

కానీ మానేసినంతమాత్రాన ఊరు మారిందా? 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర జరిగిన తగాదా దానికి మొదలు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అంతకుముందు నెలలో సినిమాహాల్లో ఒక దళిత కుర్రాడి కాలు తగలటం దానికి సాకు. చుండూరు మనకు పరాయి ఊరు కాదు. 2009 ఎన్నికల నుంచి కొల్లూరూ చుండూరూ ఒకే వేమూరు నియోజకవర్గంలో ఉన్నాయి, అదీ షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయిన సీటు. ఆ కుర్రాళ్ళు డప్పు కొట్టనన్నందుకు చావలేదు. చదువుకున్నందుకు, మంచి బట్టలు కట్టినందుకు, హాల్లో పక్కసీట్లో కూచున్నందుకు చచ్చారు. చనిపోయినవాళ్ళను ఊరి మధ్యనే పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరుపెట్టారు. చుండూరులోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది.

డప్పును వదిలేస్తే మర్యాద వస్తుందన్న నమ్మకం ఈ రెండు ఘటనలతో దెబ్బతింది. ఉద్యమంలో డప్పు మళ్ళీ చేతికి రావటం ఆ తర్వాత బాగా పెరగటం యాదృచ్ఛికం కాదు. అంతకుముందు విప్లవ పాట బృందాలు డప్పును వాడాయి, దాని బలం తెలిసి వాడాయి. కానీ అక్కడ అది "ప్రజావాద్యం". మాదిగ డప్పు అని పేరు పెట్టి పిలవటానికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. జనం నోట దాని పేరు దండోరా. ఈ పేరు ఎంత ఆలోచించి పెట్టారో చూడండి. దండోరా అంటే మునసబు హుకుం. దొర మాటను మాదిగ గొంతుతో చాటటం. వంద సంవత్సరాలు ఇంకొకరి మాట చాటిన డప్పుతో ఇప్పుడు మా మాట మేమే చాటుతాం అన్నారు. ఇంటిపేరులా మాదిగ అని తగిలించుకున్నారు. ఆ ఊపులోనే ఆదివాసుల తుడుందెబ్బ, గొల్లకురుమల డోలుదెబ్బ, గౌడుల మోకుదెబ్బ, లంబాడాల నంగారాభేరి వచ్చాయి. ఒక్క మోకు తప్ప మిగతావన్నీ తోలు వాద్యాల పేర్లే. ఏ రాజకీయ పార్టీ కూడా ఇంత సులువుగా జనానికి అందే పేరు పెట్టుకోలేకపోయింది. తుడుం మోగితే గూడేలు కదలాలని ఆదివాసులకు తెలుసు. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పులు జరిగిన ఇంద్రవెల్లి జ్ఞాపకం ఆ పేరు వెనక ఉండనే ఉంది.

వర్గీకరణ వివరాలు ఈ వ్యాసానికి పెద్దగా అవసరం లేదు, క్లుప్తంగా చెబుతాను. 2000లో వచ్చిన రాష్ట్ర చట్టాన్ని 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో ఉపవర్గీకరణ చెల్లుతుందంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ చట్టాన్ని అమల్లోకి తెచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు ఇచ్చింది. మాలా మాదిగల మధ్య ఈ ముప్పై ఏళ్ళలో పెరిగిన దూరం నాకు బాధ కలిగిస్తుంది. అయితే ఆ బాధ పేరుతో మాదిగల లెక్క అడగొద్దనటం నాకు చేతకాదు. 2025 మొదట్లో హైదరాబాదుకు పిలుపిచ్చినప్పుడు కూడా ఆ కార్యక్రమానికి పెట్టిన పేరు 'లక్ష డప్పులు, వేల గొంతులు' అనే.

ఇప్పుడు డప్పు సంగతేమిటి? మొదటి మాట, తోలు దొరకటం లేదు. ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పోయాయి. చచ్చిన గొడ్డును తెచ్చి తోలు తీయటం ఇప్పుడు ప్రాణాలమీదికొచ్చే పని. 2016 జులైలో గుజరాత్‌లోని ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కట్టేసి కొట్టటం దేశమంతా చూసింది. నెల తిరక్కముందే ఆగస్టులో మన అమలాపురంలోనే కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్నందుకు ఇద్దరు మాదిగ అన్నదమ్ముల్ని కొట్టారు. ఒకప్పుడు తోలు తీయకపోతే కొట్టారు, ఇప్పుడు తీస్తే కొడుతున్నారు. అందుకని చాలామంది ఇనప చట్రానికి ప్లాస్టిక్ పొర బిగించిన డప్పులకు మారారు. వాటికి మంట అక్కర్లేదు, వాన భయం లేదు, మరలు తిప్పితే చాలు. మోత మాత్రం చెవిలో గుచ్చుకున్నట్టు ఉంటుంది, సిర్రదెబ్బకు ఆ లోతు రాదు. తోలు డప్పే అసలైనదని పట్నంలో కూచుని చెప్పటం తేలిక. కొల్లూరు పెద్దాయన దగ్గర రెండూ ఉన్నాయి. బేరాలకు ప్లాస్టిక్‌ది పట్టుకుపోతాడు. తోలుది ఇంట్లో పొయ్యి మీద దూలానికి వేలాడదీసి ఉంచుకున్నాడు.

రెండో మాట, గుర్తింపు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యాభై దాటిన డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. కర్ణాటక తమటె కళాకారుడు మునివెంకటప్పకు 2023లో, తమిళనాడు పఱై కళాకారుడు వేలు ఆసాన్‌కు 2025లో పద్మశ్రీ వచ్చింది. ఇవి మంచివే. పింఛను డబ్బు మందులకు పనికొస్తుందని పెద్దాయన అన్నాడు. ఒక్కటే చికాకు. కళాకారుడని రుజువు చేసుకోవటానికి ఒక కార్యాలయంలో ఆయన్ని డప్పు కొట్టి చూపించమన్నారట. ఎండలో, ఆవరణలో నిలబెట్టి. "కాచుకోటానికి మంట పెట్టుకుంటానంటే వద్దన్నారు. కాచని డప్పు ఏం పలుకుద్ది? పలకలేదు. నీకు రాదులే అన్నాడు ఒకాయన." పింఛను తర్వాత ఎలాగో వచ్చింది.

మూడో మాట ఆడవాళ్ళ గురించి. ఊరి డప్పు మగవాళ్ళ పని. ఆడవాళ్ళు తోలు నానబెట్టారు, జిగురు కాచారు, సిర్ర మాత్రం పట్టుకోలేదు. ఇప్పుడు సభల్లో ఆడపిల్లల బృందాలు కనిపిస్తున్నాయి. ఈ పిల్లలకు కబురు జ్ఞాపకం లేదు, అందుకే వాళ్ళ చేతిలో డప్పు వేరేగా పలుకుతుంది. దీన్ని మెచ్చుకుంటూనే ఒకటి అడగాలి. తోలు తీసే పనినీ, జిగురు కాచే పనినీ కళ అని మనం ఎప్పుడంటాం?

డప్పు ఉంచుకోవాలా వదిలేయాలా అని నన్ను విద్యార్థులు అడుగుతుంటారు. నా వరకు నేను ఒక ప్రశ్న వేసుకుని చూస్తున్నాను. ఈ ఊళ్ళో ఈ మనిషి ఇవాళ రానని అంటే రేపు అతనికి ఏమవుతుంది? ఏమీ కాదంటే అది వాద్యం. కూలి పోతుందంటే, తిట్లు పడతాయంటే, పిల్లల్ని దారిలో ఆపుతారంటే అది వెట్టి, మీద ఎన్ని పద్మశ్రీలు కప్పినా. ఈ లెక్కన ఒకే మండలంలో ఒక ఊళ్ళో డప్పు కళగానూ, పక్క ఊళ్ళో వెట్టిగానూ ఉండొచ్చు. ఒకే మనిషికి ఫోనొచ్చినప్పుడు ఒకటిగా, కేక వినబడినప్పుడు ఇంకొకటిగా ఉండొచ్చు. ఊరూరా తిరిగి ఇది అడిగి రాసుకోవటం మన పరిశోధక విద్యార్థులు చేయదగిన పని. ఎవరు ఎవరి చావుకు వెళుతున్నారు, ఎంత ఇస్తున్నారు, ఎక్కడ తింటున్నారు, ఎప్పుడైనా కాదన్నారా, అన్నాక ఏం జరిగింది. లంక గ్రామాల నుంచి మొదలుపెట్టొచ్చు.

నేను బయల్దేరేముందు తోలు డప్పు వినిపించమని పెద్దాయన్ని అడిగాను. ఆయన దూలం మీంచి దించాడు, దుమ్ము తుడిచాడు, మనవణ్ణి పిలిచి రెండు తాటాకులు తెమ్మన్నాడు. మంట వేశాడు. కాచాడు, మీటి చూశాడు, మళ్ళీ కాచాడు. "ఏ దరువు?" అని అడిగాడు. మీ ఇష్టం తాతా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "చావుదీ పెళ్ళిదీ కాకుండా మాదేదన్నా ఉండాలిగా" అంటూ సిర్ర అందుకున్నాడు.